గాలిమోటరు దిగినంక

"బొంబాయి నేల మీద అడుగు పెట్టగానే నా కష్టాలన్నీ తీరిపోయాయి."

మా మండలం పెద్దల జ్ఞాపకాలతో వేసిన పుస్తకంలో మా మేనత్త చెప్పిన ముచ్చట ఈ వాక్యంతో ముగుస్తుంది. ఆమె ఈ మాట అనలేదు. నేను రాశాను. పైన ఆమె ఫొటో పెట్టి, కింద ఆమె అన్నట్టుగా అచ్చు వేశాను. ఇప్పుడు ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పుస్తకం వేసినవాళ్లు వద్దంటున్నారు. అయినా తీసుకుంటున్నాను.

నాకు తిరుమలగిరిలో ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు కొట్టే షాపు ఉంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, మన ముచ్చట్లు మనమే రాసుకోవాలన్న ఊపులో మా దగ్గర కూడా కొందరు కలిసి కమిటీ వేసుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు దానికి పెద్ద. ఊళ్లన్నీ ఆయన్ను పెద్దసారు అనే పిలుస్తాయి. నాకూ ఆయనే చదువు చెప్పాడు. ముసలివాళ్ల దగ్గరికి పోయి వాళ్ల మాటలు ఫోనులో పట్టుకురావడం, టైపు చేయడం, పేజీలు కట్టడం నా పని. ఒకరోజు పెద్దసారు అన్నాడు, "అందర్ని అడుగుతున్నవ్, మీ ఇంట్ల ఉన్న మనిషిని అడగవేందిరా? కువైట్ కెల్లి సర్కారు విమానంల తెచ్చింది మీ మేనత్తనే గద!"

అవును, తెచ్చింది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు అక్కడ చిక్కుకున్న మనవాళ్లను ఎడారి దాటించి, జోర్డాన్ నుంచి విమానాల్లో బొంబాయికి చేర్చారు. లక్షకు పైగా ఉన్న ఆ జనంలో మా మేనత్త ఒకతె. మా నాయినకు చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త చనిపోతే మా ఇంటికి వచ్చేసింది. మా ఆస్తి అంటే గొర్లు, మేకలే. మా నాయిన వాటిలో సగం జీవాలు అమ్మి ఆమెను కువైట్ పంపాడు. ఒక షేకు ఇంట్లో వంటపని దొరికింది.

పెద్దసారు చెప్పిన మర్నాడు ఊరికి పోయాను. అత్త దొడ్డిలో మేకలకు తుమ్మకాయలు వేస్తోంది. ఫోను తీసి గోడ మీద పెట్టాను.

"గా ఫోన్ల వడ్తదా నా గొంతు?"

"పడుతది అత్తా, మాట్లాడు."

"టేపురికార్డు తేలేదని అప్పుడు నా మీద అలిగినవ్. ఇప్పుడు జేబుల పెట్టుకొనే తిరుగుతున్నవ్ గదరా అల్లుడా!"

నవ్వాను. నవ్వి మాట మార్చాను. యుద్ధం గురించి చెప్పమన్నాను.

"యుద్ధమేడిది? రెండు దినాలే. అటెన్కదే పెద్దది. షేకు ఇంటోల్లు కార్లేసుకొని పోయిన్రు. తాళంచెవులు నా చేతుల వెట్టి పోయిన్రు. గంత పెద్దిల్లు, నేనే రాణిని. తిననీకె బువ్వ లేదు."

తర్వాత బస్సుల్లో ఎడారి దాటడం, గుడారాల్లో పడిగాపులు. నీళ్ల లారీ వస్తే బలం ఉన్నవాళ్లదే ముందు వరస. రొట్టెలు పైనుంచి విసిరేవారట. "మన మేకలకు ఈ తుమ్మకాయలు ఇసిరినట్టే," అని చేతిలోవి దూరంగా విసిరి చూపించింది. మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరికాయి. ఒక బక్క మేకపిల్ల వెనకబడిపోయింది. "గదే నేను," అంది.

ఆ గుడారాల్లో పాలమూరు దిక్కు డ్రైవరు ఒకాయన ఉండేవాడట, ముస్లిం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆడవాళ్ల గుడారం ముందుకు వచ్చి బయటి నుంచే అడిగేవాడు, "బహెన్, తిన్నవా?" అని.

"తిన్నమో లేదో ఆయనకు ఎరుకే. ఆయన దగ్గర పెట్టనీకె ఏం లేదు. అయినా అడుగుతుండె. గా మాట ఇన్నంక నిద్రవడ్తుండె మాకు."

"మరి విమానం ఎక్కినప్పుడు?"

"గాలిమోటరా? కూసోవెట్టి నడుముకు పట్టా కట్టిన్రు, మేకపిల్లకు తలుగు గట్టినట్టు."

"భయం కాలేదా?"

"ఎక్కుడేమున్నదిరా, మెట్లే గద! దిగుడే మస్తు తక్లీఫ్ అయింది."

బొంబాయిలో మెట్లు నిటారుగా ఉన్నాయేమోనన్నట్టు మొహం పెట్టాను. ఆమె దేని గురించి అంటోందో నాకు తెలుసు. ఆమె ఆగలేదు, చెప్పుకుంటూ పోయింది. ఫోనులో అంతా ఉంది.

బొంబాయి నుంచి రైలు, రైలు నుంచి బస్సు, బస్సు దిగి నడక. వాకిట్లోకి వచ్చేసరికి నాయిన, అమ్మ, నేను, ముగ్గురమూ ఉన్నాం. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు దాటాయి. చిన్నపిల్లవాడిని కాను. ఆమె మాట ఆమె నోటితోనే రాస్తాను:

"నా మొఖం ఎవ్వలు సూడలే. నా ఎనుక సూసిన్రు."

సామాను కోసం. ఎవరైనా మోసుకొస్తున్నారేమోనని. ఎవరూ లేరు. ఆమె చంకలో ఒక చిన్న మూట. "సామానేది?" అన్నాడు నాయిన. "టేపురికార్డేదత్తా?" అన్నాను నేను. అమ్మ లోపలికి పోయింది. మర్నాడు పొద్దున నాయిన ఆమె చేతికి కట్టె ఇచ్చాడు. ఆమె మిగిలిన జీవాల వెంట గుట్ట దిక్కు పోయింది. ఎన్నో ఏళ్లు అట్లాగే పోయింది.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? గల్ఫ్ పోయి ఖాళీ చేతులతో వచ్చిన మనిషి దొరికింది. "ముఫ్త్ మోటరుల వచ్చినామె" అని, అంటే పైసా కట్టకుండా వచ్చిందని, పేరు పెట్టారు. ఆమె తల వంచుకుని పోయే రకం కాదు. బావి దగ్గర ఒకామె అట్లాగే అంటే, అత్త కడవ దించి అడిగిందట, "నువ్వు ఎక్కినవా అక్కా ఎన్నడన్న? గాలిమోటరు పోతాంటె కిందకెల్లి నోరు తెరుసుడే గద నీ పని!"

ఇదంతా టైపు చేశాను. ఒక్క మాట వదలకుండా. తర్వాత తెర ముందు కూర్చుని వెనక నుంచి చెరుపుకుంటూ వచ్చాను. పేజీలు సరిపోవని నాకు నేను చెప్పుకున్నాను. సరిపోయేవే, అక్షరం సైజు కొంచెం తగ్గిస్తే చాలు, ముప్పై ఏళ్లుగా నేను చేసే పని అదే. వాకిట్లో మేము ముగ్గురం నిలబడి ఉన్నాం, అదీ సంగతి. వాకిలి పోయింది, బస్సు పోయింది, రైలు పోయింది. బొంబాయి దగ్గర ఆగాను. గాలిమోటరు అని ఉన్నచోటల్లా విమానం అని మార్చాను. ముగింపు లేనట్టు అనిపించింది. ఒక వాక్యం కల్పించాను. పెద్దసారు ప్రూఫు చదివి, "శాన మంచిగ ముగించినవ్‌రా," అన్నాడు.

పుస్తకం విడుదల రోజు అత్తకు శాలువా కప్పారు. ఒక టీచరమ్మ ఆ రెండు పేజీలూ మైకులో చదివింది. అత్తకు చదువు రాదు. శ్రద్ధగా విన్నది. టీచరమ్మ చదవడం ఆపింది. అత్త ఇంకా వింటూనే కూర్చుంది. కాసేపటికి నా వైపు వంగింది.

"అంతేనా?"

"అంతే అత్తా."

"అయితే నేనింక బొంబాయిలనే ఉన్ననారా?"

మైకు ఆమె ముందే ఉంది. హాలంతా ఒక్కసారి నవ్వింది. పెద్దసారు నవ్వాడు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. బండి మీద ఊరికి తీసుకుపోయాను. ఇంటి ముందు దిగి, శాలువా మడతపెట్టుకుంటూ అన్నది, "నవ్వితె నవ్విన్రు. జవాబు మాత్రం ఎవ్వలు చెప్పలే."

నేనూ చెప్పలేదు. కొన్నేళ్లు అట్లా గడిచాయి.

తర్వాత ఇంకో దేశంలో ఇంకో యుద్ధం వచ్చింది. అక్కడ డాక్టరు చదువుతున్న మా పక్క ఊరి అమ్మాయిని కూడా విమానంలో తీసుకొచ్చారు. స్వాగతం చెప్పడానికి కమిటీ నాకు ఫ్లెక్సీ ఆర్డరిచ్చింది. ఒక పక్క ఆ అమ్మాయి ఫొటో, ఇంకో పక్క మా అత్త ఫొటో, మధ్యలో పెద్ద అక్షరాల్లో నేను కల్పించిన ఆ వాక్యం. నా మిషన్ మీదే కొట్టాను. నా వాక్యం జానెడు అక్షరాలతో బయటికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చౌరస్తాలో కట్టించాను.

మర్నాడు అత్త బీపీ గోలీల కోసం దవాఖానకు వచ్చి, అటు నుంచి నా షాపుకు వచ్చింది.

"చౌరస్తల నా బొమ్మ వెట్టిన్రు. పక్కన ఏం రాసిన్రు?"

చదివి చెప్పాను. ఆమె నన్ను చూసింది.

"గట్ల ఎవలన్నరు?"

"నేనే రాసిన అత్తా."

"నీ కష్టాలు తీరినయేమొ. రాసుకో. పక్కన నీ బొమ్మ వెట్టుకో." లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మంలో ఆగి, "గా పిల్ల ఇంటికొచ్చినంక తిన్నవా అని అడిగిన్రా ఎవలన్న? దండలేసుడేనా?" అంది.

ఆ పొద్దే కత్తెర తీసుకుని చౌరస్తాకు పోయాను. నిచ్చెన వేసుకుని, ఫ్లెక్సీలో ఆ వాక్యం ఉన్న మేర కోసేశాను. ఫొటోలు అట్లాగే ఉంచాను. మధ్యలో పడిన కిటికీలోంచి అవతలి చాయ్ హోటలు కనిపించింది. హోటలు ముందున్నవాళ్లు లేచి వచ్చారు. పెద్దసారుకు ఎవరు ఫోను చేశారో, నేను నిచ్చెన దిగి వచ్చేసరికి ఆయన నా షాపులో ఉన్నాడు.

"పిచ్చి లేసిందారా నీకు?"

"ఆ మాట అత్త అనలే సార్. నేను కల్పించిన. ఆమె చెప్పింది ఇంక శాన ఉన్నది. రెండోసారి అచ్చేసేటప్పుడు అంత వెయ్యాలె."

ఏముందో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది మీ ఇంటి గొడవరా, చరిత్ర గాదు. సర్కారు గంత కష్టపడి తెస్తే, దిగుడు కష్టమైందంటే కృతజ్ఞత లేదనరా? పోయిన మీ నాయినను బజార్ల నిలవెడ్తవా?"

అప్పుడు ఆయన ముందు నాకు మాట రాలేదు. బడిలో ఉన్నప్పుడూ రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సార్, ఆ విమానం నడిపినవాళ్లకు మా అత్త ఇప్పటికీ దండం పెడుతుంది. గాలిమోటరు చప్పుడు వినిపిస్తే చేతిలో పని ఆపి, పైకి చూసి, దండం పెట్టి మళ్లీ పని చేసుకుంటుంది. ఆమెకు కృతజ్ఞత నేర్పడం నా వల్ల కాదు, మీ వల్ల కూడా కాదు. ప్రాణాలతో తెచ్చి అప్పగించారు. అప్పగించింది మాకు. ఆ తర్వాత మేమేం చేశామన్నది రాయకపోతే, తెచ్చినవాళ్ల కష్టం కూడా సగమే రాసినట్టు.

మా నాయిన దుర్మార్గుడు కాడు. చెల్లెలి కోసం సగం మంద అమ్ముకున్న మనిషి. ఆమె బతికి వచ్చిందన్న సంతోషం ఆయనకు లేదని నేను అనను. సామానేదని అడిగాక ఆ సంతోషం చెప్పుకోవడానికి ఆయనకు మొహం చెల్లలేదేమో. అదీ రాస్తాను. ఆయన పోయాడు కాబట్టి ఆ మాట అనలేదని మాత్రం రాయను. నేను అన్నదీ రాస్తాను.

పెద్దసారు రెండో ముద్రణ పని నా నుంచి తీసేసి వేరే షాపుకు ఇచ్చాడు. ఇచ్చుకోనీ. ఆ పుస్తకంలో నా వాక్యం ఉన్నన్నాళ్లు అది అబద్ధమని నేను చెబుతూనే ఉంటాను. నా షాపు, నా మిషన్, నా కాగితం. మా అత్త చెప్పినదంతా వేరే చిన్న పుస్తకంగా వేస్తున్నాను. గాలిమోటరును గాలిమోటరు అనే వేస్తున్నాను. ఎవరికైనా మోటుగా ఉంటే ఉండనీ.

అచ్చుకు ముందు ఊరికి పోయి, దొడ్డి గోడ దగ్గర నిలబడి, ఇక్కడిదాకా రాసింది ఆమెకు చదివి వినిపించాను. చేతిలో పని ఆపకుండా విన్నది. వాకిట్లో మేము ముగ్గురం నిలబడిన చోట మాత్రం చేయి ఆగింది. అయిపోయాక అడిగింది.

"మంచిగనే రాసినవ్. మరి మేకేది?"

ఫోనులో అది కూడా ఉంది. ఇప్పుడు కూడా, ఇంత చెప్పి కూడా, అదొక్కటి వదిలేశాను. ఆమె మర్చిపోయి ఉంటుందనుకున్నాను.

"అదెందుకు అత్తా?"

"అదే అసలుది. రాయి."

రాస్తున్నాను. టేపురికార్డేదని నేను అడిగినప్పుడు అత్త ఊరికే నిలబడలేదు. మూట విప్పి, కాగితంలో చుట్టిన తియ్య రొట్టె ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. గాలిమోటరులో ఇచ్చారట. గుడారాల్లో అన్ని దినాలు ఆకలితో ఉన్న మనిషి దాన్ని తినకుండా, రైల్లో, బస్సులో కాపాడుకుంటూ నా కోసం తెచ్చింది. నేను దాన్ని ఈ గోడ మీద పెట్టి ఇంట్లోకి పోయాను. మళ్లీ బయటికి వచ్చేసరికి మేక దాన్ని కాగితంతో సహా నములుతోంది. అత్త పక్కనే నిలబడి చూస్తోంది. అదిలించలేదు.

"ఎందుకు అదిలించలే అత్తా అప్పుడు?" ఇన్నేళ్లకు అడిగాను.

"దాని పాడుగాను, ఎంత ఇష్టంగ తిన్నదో! నేను తెచ్చిందాన్ని తిన్నది అదొక్కటే గదరా మన ఇంట్ల." నవ్వింది. చేతులు దులుపుకుని గోడ ఇవతలికి వచ్చింది. "రాసుడు అయిందా? పొద్దుగాల ఎప్పుడు బయలెల్లినవో. తిన్నవా?"

తినలేదని చెప్పాను. "నువ్వు తిన్నవా అత్తా?" అని అడిగాను.

"గిప్పుడు గుర్తొచ్చిందా?" అంటూ లోపలికి పోయి, రెండు పళ్లాలు తెచ్చింది.