ఇద్దరం అనుకున్న టోక్యో

మా చెల్లెలి పెద్దకర్మ అయిన మర్నాడు ఉదయం, కుక్కర్ పెట్టి పక్కనే నిలబడి ఉండగా ఫోన్‌కి మెయిల్ వచ్చింది. టోక్యోలో జరిగే మారథాన్‌కి లాటరీలో నా పేరు వచ్చిందట. రెండుసార్లు చదివాను. తర్వాత స్టవ్ తగ్గించాను.

నేను గుడివాడలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చెల్లెలు మచిలీపట్నంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. నలభై దాటాక షుగర్ వస్తుందన్న భయంతో ఇద్దరం నడక మొదలుపెట్టాం. ఆ నడకే పరుగైంది. ఆదివారాలు ఎక్కడో ఒకచోట కలుసుకుని పరుగెత్తేవాళ్లం. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ మారథాన్‌లు పూర్తిచేశాక, విదేశంలో ఒక్కటైనా చెయ్యాలని పట్టుబట్టింది తనే. టోక్యో అన్నదీ తనే. ఇద్దరం పేర్లిచ్చాం. ఒక్కరికే వస్తే ఇద్దరం మానుకోవాలని ఒప్పందం. ఫలితాలు రాకముందే తను ఒక నోటుపుస్తకంలో ప్రయాణమంతా రాసేసింది. ఏ రోజు ఏం చూడాలి, ఏ రైలెక్కాలి, కందిపొడి ఎవరు తేవాలి, అన్నీ. ఆ తర్వాత తనకి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులకి మనిషే పోయింది.

మధ్యాహ్నం మరిదికి, అంటే చెల్లెలి భర్తకి, ఫోన్ చేసి, చెల్లెలి ఫోన్‌కి కూడా మెయిల్ వచ్చిందేమో చూడమన్నాను. కాసేపటికి ఆయనే చేశాడు.

“వచ్చిందండీ వదినగారూ. తన పేరు తగల్లేదంట.”

“సరే.”

“మీకో?”

“వచ్చింది.”

“వెళ్లిరండి మరి,” అన్నాడు.

చెల్లెలు బతికుంటే నేను వెళ్లేదాన్ని కాదు. అది అర్థమైంది గానీ, అర్థమైనందువల్ల ఏమీ అనిపించలేదు. వస్తున్నానని ఆ వారంలోనే జవాబు పంపేశాను.

పనులు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. స్కూల్లో సెలవుకి, విదేశం వెళ్లడానికి అనుమతికి దరఖాస్తులు పెట్టాను. విజయవాడలో ఏజెంటు వీసా కాగితాలు ఇచ్చాడు. అందులో ఒక షీటు ఉంది. జపాన్‌లో ఏ రోజు ఏం చేస్తామో తేదీలవారీగా రాయాలి. చెల్లెలి నోటుపుస్తకం మరిది బస్సు కండక్టరుకిచ్చి పంపాడు. అందులో అన్నీ ‘వెళ్తాం, చూస్తాం, తింటాం’ అని ఉన్నాయి. మొదటి రెండు రోజులూ ఎక్కించి, ఆ షీటు ఫ్రిజ్ మీద పెట్టేశాను. అది వారం అక్కడే ఉంది.

ఆ ఆదివారం దూరం ఎక్కువ పరుగెత్తాల్సి ఉండి, దివిసీమ వెళ్లాను. కోడూరు నుంచి సముద్రం ఒడ్డునున్న పాలకాయతిప్ప దాకా వెళ్లి వెనక్కి రావాలి. హంసలదీవి దాటాక రోడ్డు పక్కన ఒకావిడ గోనెపట్టా మీద చేపలు ఎండబెడుతోంది. మంచినీళ్లు అడుగుదామని ఆగాను.

“ఎక్కడికమ్మా ఆ పరుగు?”

“సముద్రం దాకా వెళ్లొస్తానండి. జపాన్‌లో పరుగుపందెం ఉంది, దానికోసం.”

“ఒక్కదానివే వచ్చావా ఇంత దూరం?”

“లేదండి. మా చెల్లెలు వెనకాల వస్తోంది.”

ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. నీళ్లు తాగి కదిలాను. సముద్రం దగ్గర వెనక్కి తిరగాలంటే కాళ్లు రాలేదు. అలసట కాదు. వేరే దారి లేదు, మళ్లీ ఆవిడ ముందు నుంచే పోవాలి. ఆటో ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. దొరకలేదు.

వెనక్కి వస్తుంటే ఆవిడ దూరం నుంచే కనిపించింది. లేచి నిలబడి రోడ్డుకేసి చూస్తోంది. పక్కన స్టూలు మీద ప్లేటు మూసిపెట్టిన స్టీలు చెంబు ఉంది.

“మీ చెల్లెలు రాలేదేవమ్మా? ఎండెక్కుతోంది, ఎక్కడైనా పడిపోయిందేమోనని చూస్తున్నా.”

“చనిపోయిందండి.”

“ఎప్పుడు? ఇప్పుడా?”

“కాదు. రెండు నెలలైంది.”

నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. అంతవరకూ ఎవరితోనూ అనాల్సిన అవసరం రాలేదు, అందరికీ ముందే తెలుసు. అబద్ధం ఎందుకు చెప్పావని ఆవిడ అడగలేదు. ప్లేటు తీసి చెంబు నా చేతికిచ్చింది. మజ్జిగ, ఉప్పు వేసి ఉంది. మొత్తం తాగేదాకా అక్కడే నిలబడింది.

“కూర్చోమ్మా కాసేపు,” అంది. కూర్చున్నాను. ఆవిడ చేపలు తిరగేసుకుంటూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఆ షీటు పూర్తిచేశాను. ఎవరెవరు వెళ్తున్నారన్న చోట నా పేరొక్కటే రాశాను. వీసా వచ్చింది. మార్చిలో వెళ్లాను.

టోక్యోలో ఆ రోజు చలి. ఇరవై ఐదో కిలోమీటరు దాటాక ఎడమ మోకాలు పట్టేసింది, మిగిలిన దూరంలో సగం పైన నడకే. గడువుకి కాస్త ముందు ముగింపు గీత దాటాను. అక్కడ ఏడుపొస్తుందని చాలామంది అన్నారు. నాకు రాలేదు. మెడల్ వేసిన అమ్మాయి వంగి నమస్కారం పెడితే నేనూ వంగాను.

హోటల్‌కి వచ్చి మరిదికి ఫోన్ చేశాను.

“అయిందండీ,” అన్నాను.

“కాలెలా ఉందండీ వదినగారూ?”

“నొప్పిగా ఉంది.”

“వేడినీళ్లు పోసుకోండి. ఏమన్నా తిన్నారా?”

ఇంకా లేదన్నాను. ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది.