అటక మీది వీసీఆర్

1985 జూన్‌లో నన్ను అమలాపురం సర్వీసు సెంటరుకు ఇంజనీరుగా వేశారు. టీవీలు, వీసీఆర్‌లు అమ్మే కంపెనీ మాది, పేరు ఎందుకులెండి. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఏ ఇంట్లో మా పెట్టె మొరాయించినా నేనే వెళ్ళాలి. నా పైన ఏరియా మేనేజరు గారు. మంచి మనిషే, కానీ అమ్మకం తప్ప ఆయనకు మరో లోకం లేదు.

నేను చేరిన కొత్తలోనే ఆయన ఎక్స్‌ఛేంజి పథకం తెచ్చారు. ఏ కంపెనీ వీసీఆర్ తెచ్చినా దానికి ధర కట్టి, కొత్తదాని వెలలో తగ్గిస్తాం. పాతదాన్ని విప్పి చూసి, పనికొస్తుందో రాదో తేల్చి సంతకం పెట్టడం నా వంతు. పనికిరాదంటే కొత్తది అమ్ముడవుతుంది. ఆ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

ఒకరోజు ఉప్పలగుప్తం నుంచి కరుణమ్మ గారని ఒకావిడ, ఆవిడ తమ్ముడు యోహాను రిక్షా దిగారు. ఆవిడ ఒళ్ళో దుప్పటి చుట్టిన వీసీఆర్. కువైట్‌లో ఏళ్ళ తరబడి ఇళ్ళలో పనిచేసి తెచ్చుకున్నది అదొక్కటే. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ అద్దెకిస్తూ దాని మీదే బతుకుతున్నారు. కూతురి నర్సింగు చదువూ దాని మీదే. ఇప్పుడు బొమ్మ నిండా తెల్లచుక్కలు. అద్దెకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. తమ్ముడు అప్పటికే మేనేజరు గారితో మాట్లాడి ఎక్స్‌ఛేంజి ఖాయం చేసుకున్నాడు. ఆవిడకు మాత్రం ససేమిరా ఇష్టం లేదు.

"ఇంజనీరు గారూ, మొహమాటం లేకుండా చెప్పండి. ఇది ఇంక బతుకుద్దా, పోద్దా? పోద్దంటే ఇక్కడే వదిలేసి పోతానండి," అన్నారు. గొంతు గట్టిగానే ఉంది కానీ చేతులు దుప్పటిని వదల్లేదు.

తెల్లచుక్కలకు కారణాలు రెండు. టేపు మీది బొమ్మను చదివే హెడ్ అరిగిపోవడం ఒకటి. అదైతే ఆ మోడలుకు హెడ్ ఇక్కడ దొరకదు, పెట్టె కథ ముగిసినట్టే. హెడ్‌కు మురికి పట్టడం రెండోది. మూత విప్పాను. అబ్బ, ఏం పనితనమండీ అది! కింద చట్రం మొత్తం ఒకే పోతలో పోసిన లోహం. స్క్రూలన్నీ చెయ్యి పట్టే చోట. మా సముద్రం గాలికి ఎన్ని ఖరీదైన పెట్టెలు లోపల తుప్పు పట్టి నా బల్ల మీద ప్రాణం విడిచాయో నాకు తెలుసు. దీంట్లో తుప్పు చుక్క లేదు. కానీ హెడ్ నుంచి టేపును లాగే రబ్బరు చక్రం దాకా గోధుమరంగు జిడ్డు. వేలికి అంటించుకుని వాసన చూశాను. పొగ!

"దీన్ని ఎక్కడ పెడతారమ్మా?" అన్నాను.

"అటక మీదండి. కురిడీ కాయల పక్కన."

కాయలో నీరు ఇంకి కురిడీ కావాలని మా వైపు కొబ్బరికాయల్ని నెలల తరబడి వంటింటి అటక మీద ఉంచుతారు. కింద కొబ్బరి డొక్కలు మండే పొయ్యి, దాని పొగంతా పైకే.

"ఎంత ముసురు పట్టినా అక్కడ కురిడీకి బూజు పట్టదండి. దీనికి మాత్రం ఎందుకు పడతాది?" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ లెక్క తప్పూ కాదు. తడి నుంచి కాపాడింది ఆ అటకే, పొగ పెట్టిందీ ఆ అటకే.

స్పిరిట్‌లో తడిపిన మెత్తటి తోలుముక్కతో హెడ్ తుడిచి, రబ్బరు చక్రం శుభ్రం చేసి, సాగిపోయిన బెల్టు ఒకటి మార్చాను. ఇక తేలాలి. చుక్కలు మిగిలితే హెడ్ అరిగినట్టే. కరుణమ్మ గారు తెర వైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. క్యాసెట్ పెట్టాను. ఎవరిదో పెళ్ళి. పెళ్ళికూతురి ముక్కుపుడక రాయి తళుక్కుమని మెరిసింది.

"ఇటు చూడండమ్మా," అన్నాను. ఆవిడ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గెందుకు?

పక్కనే ఉన్న మేనేజరు గారు ఊరుకుంటారా! ఇవాళ ఆడుతుంది సరే, రేపటికి ఎవరు పూచీ, కొత్తదైతే చింత ఉండదు కదా అని తమ్ముడికి నూరిపోయడం మొదలుపెట్టారు. యోహాను తలూపుతున్నాడు. కరుణమ్మ గారు కొంగు దులిపి ముందుకొచ్చారు.

"ఆయ్, అలాగే తీసుకుంటానండి. దీని మూత తీసి చూసేరు కదా, మీ కొత్తదాని మూత కూడా తియ్యండి. పక్కపక్కనే పెట్టి చూద్దాం."

సీలు పోతే సరుకు అమ్ముడుపోదు, విప్పడం కుదరదన్నారు మేనేజరు గారు.

"పెళ్ళికూతుర్ని చూపించకుండా ముహూర్తం పెట్టుకోమంటే ఎలాగండీ?" అని ఆవిడ పాత పెట్టెకు దుప్పటి చుట్టడం మొదలుపెట్టారు. యోహాను కూడా నవ్వేశాడు. నేను "పనికొస్తుంది" అని రాసి సంతకం చేశాను. మేనేజరు గారు ఆ నెలంతా నాతో ముభావంగా ఉన్నారు, ఉండనివ్వండి.

ఆవిడ అటక మానలేదు. ఇనప ట్రంకు పెట్టెలో పెట్టి మూత బిగించి మళ్ళీ అక్కడికే ఎక్కించారు. నేను అమలాపురం వదిలేనాటికీ అది అద్దెకు తిరుగుతూనే ఉంది.

ఏ యంత్రం పదికాలాలు నిలుస్తుందని సర్వీసులో ఉండగా చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. బొమ్మ చూసి మురిసిపోవద్దనీ, మూత విప్పించి చూడమనీ చెబుతాను. విప్పనంటే కొనకండి.