ఎర్ర మీట

సుబ్బలక్ష్మి కంప్యూటరు కొనాలనుకున్నది కంప్యూటరు మీద మోజుతో కాదు, ఇంట్లోకి మనుషులు వస్తూ ఉండడం కోసం. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా.

సత్తెనపల్లి నుంచి ఆటోలో అరగంట ప్రయాణం కొండ్రవారిపాలెం. ఆ ఊళ్ళో ఆమె తండ్రి రామమూర్తిగారు ఇంటి ముందు గదిలో టైపు మిషన్లు వేసి ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఒకప్పుడు పొద్దున మొదలైన టకటకలు దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. లోయరు, హయ్యరు పరీక్షలకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు సైకిళ్ళేసుకుని వచ్చేవారు. తర్వాత తల్లి మంచాన పడింది. ఆమెకి సేవ చేస్తూ ఉండగానే సుబ్బలక్ష్మికి వచ్చిన సంబంధాలు ఒక్కొక్కటే దాటిపోయాయి. తల్లి పోయింది, కొన్నేళ్ళకి తండ్రీ పోయారు. చూస్తూ ఉండగానే ఆమెకి నలభై దాటాయి. ఊళ్ళో అందరూ ‘టైపు టీచరుగారు’ అని మర్యాద ఇస్తారు. మా వైపు ఒంటరి ఆడమనిషికి ఇచ్చే మర్యాద ఎలా ఉంటుందంటే, ఎదురైతే చెయ్యెత్తి నమస్కారం పెట్టి చకచకా నడిచి వెళ్ళిపోతారు.

టైపు మిషన్లకి కాలం చెల్లింది. రెండు వేల రెండో సంవత్సరం వచ్చేసరికి మిగిలింది నలుగురైదుగురు ఆడపిల్లలే. వాళ్ళు కూడా టైపు మీద ప్రేమతో రావడం లేదు. ఇంటర్ అయిపోయింది, సత్తెనపల్లి పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు, పెళ్ళయ్యేదాకా ఏదో ఒకటి నేర్చుకోవాలి. వాళ్ళలో చలాకీగా ఉండే భవ్య ఒకరోజు మిషన్‌లోంచి కాగితం లాగుతూ, దసరా తర్వాత తామంతా మానేస్తామని చెప్పేసింది. ఇక్కడ కంప్యూటరు ఉంటే ఇక్కడికే వస్తారట. లేకపోతే ఇళ్ళల్లో దెబ్బలాడైనా సత్తెనపల్లి బస్సెక్కుతారట. ఆ పిల్ల మామూలుగానే చెప్పింది. సుబ్బలక్ష్మి ఆ పూట అన్నం వండుకోలేదు. ఆ పిల్లలు రాకపోతే తను రోజంతా ఎవరితో మాట్లాడాలో ఆమెకి తోచలేదు. ఆదివారాలు ఎలా గడుస్తాయో ఆమెకి తెలుసు. వారంలో అన్ని రోజులూ ఆదివారాలైపోతాయన్న తలపుకే భయం వేసింది.

సత్తెనపల్లిలో జక్రయ్య ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాడు. మనిషి నెమ్మది. సుబ్బలక్ష్మి దుకాణానికి వెళ్ళి కూర్చుంటే టీ తెప్పించి, ఏ భాగం ఎందుకో ఓపికగా చెప్పుకొచ్చాడు. ప్రాసెసరు, మెమరీ, మానిటరు అన్నీ తేలిపోయాయి. చివరికి బల్ల మీద రెండు రేకు డబ్బాలు పెట్టాడు. వాటిలోంచి రంగురంగుల వైర్లు జడకుచ్చుల్లా వేలాడుతున్నాయి. గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటరుకి కావలసినట్టు మార్చి ఇచ్చేది ఇదేననీ, దీన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారనీ చెప్పాడు.

“అందరూ ప్రాసెసర్ ఏంటని అడుగుతారండీ. దీన్ని మాత్రం ఎవరూ అడగరు. కాలిపోయాక అడుగుతారు,” అన్నాడు.

ఒకటి కంప్యూటరు బిగించే పెట్టె, అంటే క్యాబినెట్‌తో పాటే వచ్చేది. తేలిక డబ్బా. రెండోది విడిగా కొనుక్కోవలసింది. చేతిలోకి తీసుకుంటే ఇత్తడి గిన్నెలా బరువుగా ఉంది. కరెంటు పడినా లేచినా అదే సర్దుకుంటుందట. పల్లెటూరికి ఇదే నయమని జక్రయ్య రెండుసార్లు అన్నాడు. సుబ్బలక్ష్మి రెండింటినీ ఆడించి చూపించమంది. బరువైనదాన్ని ఆడిస్తే అసలు ఆడుతోందో లేదో తెలియలేదు. తేలికదాన్ని ఆడించగానే లోపలి ఫ్యాను జుయ్యిమని మొదలుపెట్టి, ఆపేదాకా అలా మోగుతూనే ఉంది.

ఆమె ఆ తేలికదే తీసుకుంది. జక్రయ్యకి చెప్పిన కారణం డబ్బు. అందులో అబద్ధం లేదు. కాని పూర్తి నిజం కూడా అది కాదు. పిల్లలు వెళ్ళిపోయిన తర్వాత ఇంట్లో గడియారం తప్ప ఏ చప్పుడూ ఉండదు. ఆ జుయ్యిమనేది వింటుంటే పక్క గదిలో ఎవరో పని చేసుకుంటున్నట్టు ఉంది. ఇంతటి తెలివిగల మనిషి ఒక యంత్రాన్ని దాని చప్పుడు చూసి ఎంచుకుందంటే నవ్వు రావాలి. నాకైతే రాలేదు.

కంప్యూటరు వచ్చిన రోజు పిల్లలంతా వాకిట్లోనే కాచుకుని ఉన్నారు. జక్రయ్య వాళ్ళందరి మధ్యా కూర్చుని వైర్లు తగిలించి, మానిటరు వెలిగించి చూపించాడు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, భవ్య చేత కొబ్బరికాయ కొట్టించారు. వచ్చే వారం నుంచి ఇంకో ఇద్దరు చేరతామన్నారు. కార్తీక మాసమంతా ముందు గది కళకళలాడింది. పిల్లలు వంతులు వేసుకుని కీబోర్డు ముందు కూర్చునేవారు. వంతు రానివాళ్ళు వంటింట్లోకి వచ్చి, టీచరుగారు కూర తరుగుతుంటే పీట లాక్కుని కబుర్లు చెప్పేవారు. ఆమెకి కావలసింది అదే.

ఆ ఏడు సాగర్ కాలువకి నీళ్ళు వదల్లేదు. మిరపతోటలు ఎండిపోతున్నాయని రైతులందరూ బోర్లు వేశారు. పగలూ రాత్రీ మోటార్లు ఆడుతూనే ఉండేవి, ఊరి కరెంటంతా వాటికే పోయేది. ఇళ్ళల్లో బల్బులు నిప్పుకణికల్లా ఎర్రగా మిణుకుమనేవి, ఫ్యాన్లు బద్ధకంగా కదిలేవి. టీవీ దగ్గరున్న పాత స్టెబిలైజరులో ఇంకేమీ పనిచేయకపోయినా, కరెంటు ఎన్ని వోల్టులుందో చూపించే ముల్లు మాత్రం పనిచేసేది. అది నూట ఇరవై, నూట ముప్పై మధ్య వేలాడేది. కంప్యూటరు ఆన్ చేస్తే ఒకసారి మూలిగి ఆగిపోయేది. పిల్లలు వచ్చి, కాసేపు కూర్చుని, వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు రావడమే మానేశారు. ఎవరో చెప్పారట, సత్తెనపల్లిలో అయితే జనరేటరు ఉందని.

ఒక మధ్యాహ్నం సుబ్బలక్ష్మి దుమ్ము తుడుస్తూ క్యాబినెట్ వెనక్కి వంగింది. వైరు గుచ్చే చోటు పక్కనే వేలిగోరంత ఎర్ర మీట కనబడింది. దాని మీద 230 అని ఉంది. పుల్లతో పక్కకి జరిపి చూస్తే 115 అని ఉంది. ఆమె చాలాసేపు ఆ అంకెల వంక చూసి, లేచి వెళ్ళి స్టెబిలైజరు ముల్లు చూసి వచ్చింది. నూట ఇరవై. ఇంతే కదా విషయం! ఇంటికి వచ్చే కరెంటు ఎంతో దీనికి మనమే చెప్పాలన్నమాట. టైపు మిషన్లతో పెరిగిన మనిషి ఆమె. మార్జిను మీట, రిబ్బను మీట, అన్నీ తిప్పుకోవడానికే పెడతారు తప్ప అలంకారానికి పెట్టరని ఆమెకి తెలుసు. మన ఊళ్ళో రెండువందల ముప్పై అన్నది కరెంటు బిల్లు వెనకాలే తప్ప ఇంట్లో ఎవరు చూశారు?

మీట 115 మీదే ఉంచేసి ఆన్ చేసింది. కంప్యూటరు ఠక్కున లేచింది.

ఆ సాయంత్రం భవ్య వాళ్ళింటి దాకా నడిచి వెళ్ళి, మోటార్లు ఆడుతున్నా మన కంప్యూటరు పనిచేస్తోందని చెప్పి వచ్చింది. అంత దూరం ఒకళ్ళింటికి ఆమె నడిచి చాలా కాలమైంది. పిల్లలు తిరిగి వచ్చారు. ఏం చేశారు టీచర్ అని అడిగితే నవ్వుతూ కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. సంక్రాంతి వెళ్ళింది, మిరపకాయలు కోతకి వచ్చాయి, ఊరంతా ఘాటు కమ్ముకుంది. సుబ్బలక్ష్మి ఆ రోజుల్లో సంతోషంగా ఉంది. నిజంగానే ఉంది.

మాఘమాసం చివర్లో, వాన పడడానికి ఏమాత్రం హక్కు లేని ఒక మధ్యాహ్నం, పడమటి వైపు నల్లగా మబ్బు లేచింది. కళ్ళాల్లో ఊరందరి కాయా ఆరబోసి ఉంది. ఒక్క జల్లు పడిందా, కాయ రంగు పోయి ఏడాది కష్టం తాలు కింద పోతుంది. వీధిలో కేకలు మొదలయ్యాయి. భవ్య తల్లి హనుమాయమ్మ గుమ్మం బయటి నుంచే పిల్లని కేకేసింది. పిల్లలందరూ కుర్చీలు తోసేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, టార్పాలిన్లు కప్పడానికి కళ్ళాల వైపు పరుగెత్తారు. మోటార్ల దగ్గరున్న రైతులు కూడా వాటిని ఆపేసి అటే పరుగెత్తారు.

సుబ్బలక్ష్మి ఒక్కతే గదిలో మిగిలింది. నెత్తి మీద బల్బు తెల్లగా వెలిగింది. ఫ్యాను గిర్రున తిరిగింది. ఎన్ని నెలల తర్వాతో నిండు కరెంటు వచ్చిందని ఆమె సంబరంగా తలెత్తి చూసింది. అంతలో ఢామ్మని పేలింది. క్యాబినెట్ వెనక నుంచి నిప్పురవ్వలు, ఆ వెంటనే పొగ. ఆమె కేకపెట్టి మెయిను ఆపేసింది. వీధిలోకి వచ్చి ఎవరినైనా పిలుద్దామని చూసింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ. అందరూ కళ్ళాల్లో ఉన్నారు. ఆమె కేక విన్నవాళ్ళు లేరు. అరుగు మీద కూర్చుండిపోయి, పొగ పోయేదాకా అలాగే ఉంది.

కబురు చేస్తే మర్నాడు జక్రయ్య మోపెడ్ మీద వచ్చాడు. ప్రహరీ గేటు దగ్గరే ఆగి, పిల్లలెవరూ రాలేదా అని అడిగాడు. కాయ తిరగేసి ఆరబెట్టుకోవడానికి కళ్ళాలకి వెళ్ళారని ఆమె చెప్పింది. అయితే క్యాబినెట్ బయటికి తెస్తే అరుగు మీదే చూస్తానన్నాడు. ఆమె క్యాబినెట్‌ని రెండు చేతులా మోసుకొచ్చి పెట్టింది. అతను స్క్రూలు విప్పబోయి, వెనక వైపు చూసి ఆగిపోయాడు.

మీట ఎవరు మార్చారని అడిగితే, తనేనని ఆమె దాచకుండా చెప్పింది. స్టెబిలైజరు ముల్లు సంగతీ చెప్పింది. జక్రయ్య విని తల పట్టుకున్నాడు. అది మనదేశం కరెంటుకి సంబంధించింది కాదనీ, 115 అన్నది వేరే దేశాల కోసమనీ, దాని మీద ఉంచితే తక్కువ కరెంటుతో ఆడుతుంది గాని నిండు కరెంటు వచ్చిన క్షణాన పేలుతుందనీ వివరించాడు. డబ్బాతో పాటు మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు కూడా పోయాయట. ఆ తర్వాత స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

“తప్పు నాదేనండీ టీచర్‌గారూ. పుష్యమాసంలో ఇంకో ఊళ్ళో ఇట్టాగే ఎవరో మార్చి కాల్చుకున్నారు. వెంటనే మీరే గుర్తొచ్చారు. మీట మీద టేపు అంటించి, సంగతి చెప్పి పోదామని ఆ ఆదివారం ఇక్కడిదాకా వచ్చానండీ.”

“మరి చెప్పలేదేం?”

“పిల్లలెవరూ లేరు. మీరు ఒక్కరే ఉన్నారు. ఆడమనిషి ఒక్కరే ఉన్న ఇంట్లోకి నేనెళ్తే వీధిలో నలుగురూ ఏమనుకుంటారోనని… మీకు మాటొస్తదని గేటు కాడి నుంచే తిరిగిపోయానండీ.”

సుబ్బలక్ష్మికి కోపం వచ్చింది. జక్రయ్య మీద కాదు. ఇన్నేళ్ళలో ఇలా గేటు దాకా వచ్చి, ఆమె ఒక్కతే ఉందని తిరిగిపోయినవాళ్ళు ఇంకా ఎంతమందో! ఎవరైనా వస్తారేమోనని తను లోపల కూర్చుని ఎదురుచూసిన ఆదివారాల్లోనే వాళ్ళు వచ్చి వెళ్ళి ఉంటారు. ఆమె మంచి పేరు చెడకూడదని వాళ్ళందరూ కలిసి ఆమెని ఒంటరిని చేశారు. ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు, అదే ఆమెకి భరించరానిదిగా అనిపించింది.

ఆ బరువైన డబ్బా తెచ్చి, మిగతావి కూడా మార్చి బిగిస్తానని జక్రయ్య లేచాడు. అయితే అది ఈ ఇంటి కరెంటు మీదే ఆడించి చూస్తూ లోపల బల్ల మీద చేయవలసిన పని, సగం రోజు పడుతుంది. తనకి గురువారాలే తీరికనీ, పిల్లలు వచ్చే వారం చూసి కబురు పెట్టమనీ అన్నాడు. కంప్యూటరు బాగైతే గాని పిల్లలు రారనీ, పిల్లలు వస్తే గాని అతను లోపలికి రాడనీ ఆమెకి అర్థమైంది. తలుపులు బార్లా తీసి ఉంచుతానంది. అతను వినయంగా తల అడ్డంగా ఊపి, మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె కాసేపు గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత ఇంటికి తాళమైనా వేయకుండా కళ్ళాల దారి పట్టింది. హనుమాయమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని తాలుకాయ ఏరుతున్నారు. టీచరుగారు కళ్ళంలోకి రావడం వాళ్ళెప్పుడూ చూడలేదు. చేతులు ఆపి లేచి నిలబడ్డారు. భవ్య సంగతి మాట్లాడడానికి వచ్చిందనుకున్నారు. సుబ్బలక్ష్మి ఏవేవో మర్యాద మాటలు మొదలుపెట్టింది. వాటిని మధ్యలోనే వదిలేసింది.

“హనుమాయమ్మా, గురువారం ఒక పూట వచ్చి మా ఇంట్లో కూర్చుంటావా? పనేం లేదు. ఊరికే కూర్చో చాలు. నేను ఒక్కదాన్నే ఉండలేకుండా ఉన్నాను.”

హనుమాయమ్మ చేతిలో కాయలు గంపలో పోసి, కొంగుకి చేతులు తుడుచుకుంది.

“గురువారం ఏంటమ్మా, రోజూ వచ్చేదాన్ని,” అంది. “చదువుకున్నోళ్ళు గదా, మాబోటోళ్ళు వస్తే మీకు గిట్టదనుకున్నాం.”