నరసాయమ్మ వేసిన మార్కులు

ఎవరి గురించి అడిగినా నరసాయమ్మ మొదటి జవాబు ఒకటే: "బాగానే ఉన్నార్లెండి." రాజోలు పక్క పల్లె నుంచి గల్ఫ్‌కి వచ్చి, సనాబిస్‌లో ఓ అరబ్బు ఇంట్లో చాలా ఏళ్లు అంట్లు తోమి, తర్వాత ఒక చిన్న ఆసుపత్రిలో వార్డు తుడిచే పనికి కుదిరిన మనిషి. అడిగినవాళ్ల ముఖం చిన్నబోయేలా జవాబు చెప్పడమంటే, ఆవిడ దృష్టిలో, భోజనానికి పిలిచిన ఇంట్లో కూరలో ఉప్పు లేదనడం. ఇంత మర్యాద తెలిసిన మనిషికి తొంభై ఆరులో ఆసుపత్రివాళ్లు, హిందీ వచ్చు కదా అని, తెలుగు రోగుల మాటలు నర్సుకు చేరవేసే పని కూడా అప్పగించారు.

ఆ నర్సు ఏలియమ్మ, కేరళ మనిషి. కాలిన గాయాలకు కట్టు మార్చే ముందు ఏం చేయబోతున్నారో రోగికి విడమరిచి చెబితే బాధ తగ్గుతుందా, నయమవుతుందన్న నమ్మకం పెరుగుతుందా అని పరిశోధన చేస్తోంది. కట్టు మార్చాక ఒక్కొక్కరినీ అడిగేది: ఎంత హాయిగా ఉంది, ఎంత నమ్మకంగా ఉంది? పదికి ఎంతో చెప్పాలి. బాధ ఎక్కువైతే అంకె తక్కువ.

దేవన్న జగిత్యాల దిక్కు తాపీ మేస్త్రీ. తుబ్లీలో వర్క్‌షాపు పైకప్పుకు పోసే వేడి తారు కుడిచేతి మీద పడింది. కొత్తగా వచ్చినవాడు, హిందీ సైటు మీద సరిపోయేంతే. వేళ్లు మళ్లీ ముడుచుకోకపోతే తాపీ పట్టలేడు. తాపీ పట్టలేనివాడికి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తిరుగు టికెట్టు చేతిలో పెడతాడు, ఖలాస్.

"ఎలా ఉంది నాయనా? పదికెంతంటావ్?"

"పాణం పోతున్నది పెద్దమ్మా. ఒక్కటి. గది గూడ నీ మొకం జూసి."

నరసాయమ్మ సిస్టర్ వైపు తిరిగి, "తొమ్మిదంటున్నాడమ్మా. నమ్మకమైతే పదే" అని హిందీలో చెప్పేది.

ఆవిడ లెక్క ఆవిడది. అంత ఓపిగ్గా కట్టు కట్టిన పిల్లకి పదికి ఒకటి వేస్తామా, పల్లెలో బడి మేష్టారు కూడా అంత తక్కువ వెయ్యడు. పైగా కూలీలుండే కంపెనీ క్యాంపు బాసు వారం వారం వచ్చి, ఎవరు మళ్లీ పనికొస్తారని సిస్టర్‌ని వాకబు చేసి పోతున్నాడు.

సిస్టర్ మురిసిపోయింది. పక్క మంచాలవాళ్లు నాలుగు, అయిదు దగ్గర మూలుగుతుంటే ఈ తెలుగువాడు తొమ్మిది. విడమరిచి చెప్పడం తెలుగువాళ్ల మీద అమోఘంగా పనిచేస్తోందని డాక్టరుకి చెప్పింది. బాధ లేనివాడికి మందెందుకని, కట్టుకు ముందు ఇచ్చే నొప్పి మందు మాన్పించారు.

ఆ రోజు నుంచి దేవన్నకు కట్టు విప్పడమంటే చర్మం వలవడమే. చెయ్యి పొట్టకు హత్తుకుని బిగుసుకుపోయేవాడు. వేళ్లు కదపమంటే కదిపేవాడు కాదు.

"నమ్మకం పదికి పది కదా, మరి కదపడేం?" అంది సిస్టర్.

"సిగ్గమ్మా. మావాళ్లలో మగాళ్లంతే" అని సర్దింది నరసాయమ్మ.

ఒక పొద్దున దేవన్న చెవిన "నౌ", అంటే హిందీలో తొమ్మిది, అన్న మాట పడింది. రోజూ సిమెంటు బస్తాలు ఎంచినవాడికి హిందీ అంతగా రాకపోయినా అంకెలు వచ్చు.

"ఆగు పెద్దమ్మా. నేనేమన్న, నువ్వేమన్నవ్?"

"ఒకటన్నావ్. నేను కాస్త బాగా చెప్పాను."

"కాస్తనా? మీదికెల్లి ఎనిమిదేసినవ్. బస్తాలు గట్ల లెక్కవెడితే ఫోర్‌మన్ నన్ను బతకనిస్తడా?"

"నీ మంచికేనయ్యా. క్యాంపు బాసు చెవిన పడితే ఇంటికి పంపేస్తాడు."

"చెయ్యి గిట్ల కట్టెలెక్క అయితే ఇంటికి గాక ఇంకేడికి పోత?"

దేవన్న ఎడమచేతి వేలొకటి ఎత్తి సిస్టర్‌కి చూపించాడు. "ఏక్."

సిస్టర్ ఆ వేలి వంకా, నరసాయమ్మ వంకా చూసింది.

"మొదట్నుంచీ ఒకటేనమ్మా. మర్యాదకి పెంచాను."

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎన్ని మంచాల దగ్గర పెంచావు?"

"తెలుగు మంచాలన్నీ అమ్మా."

ఇంకోటి కూడా అప్పుడే బయటపడింది. సిస్టర్ విడమరిచి చెప్పిందంతా నరసాయమ్మ ఇన్నాళ్లూ "కట్టు మారుస్తుంది, కళ్లు మూసుకో" అని తేల్చేసింది. మొత్తం చెబితే భయపడతాడని.

రోగి ఏం చెప్పినా కంపెనీకి తెలియనివ్వనని సిస్టర్ మాటిచ్చింది. మర్నాడు మందు ముందే ఇచ్చారు. నరసాయమ్మ ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పింది. "ఇప్పుడు నీళ్లతో తడుపుతుంది. మంట ఉంటుంది. నువ్వు ఆగమంటే ఆగుతుందంట."

"ఆగుతదా?"

"ఆగుతాననే అంటోంది."

దేవన్న రెండుసార్లు ఆగమన్నాడు, రెండోసారి ఊరికే, నిజంగా ఆగుతుందా అని. ఆగింది. అప్పుడు చెయ్యి పొట్ట మీద నుంచి తీసి దిండు మీద పెట్టాడు.

పాత అంకెలన్నీ కొట్టేసి సిస్టర్ తెలుగు మంచాల దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. దేవన్న వేళ్లు చూపుడువేలితో మొదలై ఒక్కొక్కటే వంగాయి. గ్లాసు పట్టుకున్న రోజున సిస్టర్ అడిగింది, పదికి ఎంతని.

"ఏడు," అన్నాడు దేవన్న.

"ఎనిమిదనరాదా నాయనా. పాపం, ఎంత ఆశగా అడుగుతోందో."

"ఏడే."

"సాత్" అంది నరసాయమ్మ, బంగారాన్ని ఇత్తడి ధరకి అమ్ముకున్నదానిలా. దేవన్న కుడిచేత్తో మంచం కమ్మీ పట్టుకుని, దాని ఊతతో లేచి నిలబడ్డాడు.