కంచెలు తినే తర్మా

తర్మా ఉడికించిన కూర ముట్టడు. ఆకైనా కాయైనా చెట్టు మీంచి నేరుగా నోట్లోకి వెళ్ళాల్సిందే, మధ్యలో పొయ్యి అనే దళారీ ఉండకూడదంటాడు. గారుత్ కొండల్లో పచ్చి ఆకులు తినని మనిషి లేడు. అన్నం, వేయించిన చేప, రోట్లో నూరిన సంబల్ కారం, పక్కన గుప్పెడు ఆకులు ఉంటేనే అక్కడ దాన్ని భోజనమంటారు. అలాంటి ఊరు కూడా తర్మాను చూసి ముక్కున వేలేసుకుందంటే ఆయన సంగతి మీరే ఊహించుకోండి.

డెబ్బై రెండేళ్ళ వయసు. నోట్లో ముప్ఫై రెండు పళ్ళు. కొండెక్కి దిగినా ఆయాసం లేదు. పక్కవీధి జజాంగ్ కడుపులో ఈ మూడూ మూడు పొయ్యిలు వెలిగించాయి. జజాంగ్‌కు యాభై ఎనిమిది. ఊరికీ సంతకీ మధ్య మినీబస్సు నడుపుతాడు. మోకాళ్ళు నొప్పులు, పళ్ళు సగం లేవు, పైగా దారి పొడుగునా బజ్జీల బండి కనిపిస్తే బస్సు దానంతటదే ఆగిపోతుంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కంచెలో మొలిచిన చిగురును దారిన పోయేవాళ్ళు తుంపుకోవచ్చు, అడగక్కర్లేదు. తుంపుకోవడానికి ఏమీ లేని కంచె ఉంటే అది పిసినారి కొంప. తర్మా ఈ పద్ధతిని ఉద్యోగంలా చేసేవాడు. తెల్లవారి నమాజు కాగానే బయల్దేరి వీధి పొడుగునా కంచెలు మేస్తూ వచ్చేవాడు. సరిగ్గా జజాంగ్ ఇంటి జీడిమామిడి చిగుళ్ళ దగ్గర కాళ్ళు ఆగేవి.

"నెంగ్ ఇమాస్, నీ కంచె ముందు ఊళ్ళో కంచెలన్నీ దిగదుడుపే."

నెంగ్ అంటే అమ్మాయీ అని. జజాంగ్ భార్య ఇమాస్‌కు యాభై నాలుగేళ్ళు, ముగ్గురు మనవలు. అయినా ఆ పిలుపు వినగానే నవ్వుకుంటూ కొబ్బరిచిప్పలో ఇంత సంబల్ పట్టుకుని పరుగెత్తేది. కిటికీలోంచి చూసే జజాంగ్‌కు కాఫీ చేదెక్కేది.

"ఆ ముసలాడు రోజూ మన కంచె దగ్గరే ఎందుకు ఆగుతాడు?"

"మన చిగురు లేతగా ఉంటుందిగా, కాంగ్." కాంగ్ అంటే బావా అని.

"చిగురు కోసమా, నీ కోసమా?"

"నా కోసమైతే మాత్రం తప్పేముంది. మంచిమాట విని ఇరవయ్యేళ్ళయింది."

తర్మా తిని ఊరుకునే రకం కాదు, ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు. ఆయన బస్సెక్కితే జజాంగ్ వెనక సీట్లోనే కూర్చునేవాడు.

"కూర ఉడికిస్తే సారమంతా నీళ్ళలోకి పోతుంది. ఆ నీళ్ళు మీ ఆడవాళ్ళు ఎక్కడ పోస్తారు? మురుగుకాలవలో. అందుకే ఈ ఊళ్ళో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది మురుగుకాలవ."

బస్సంతా నవ్వేది. జజాంగ్ కసిగా హారన్ కొట్టేవాడు. దారిలో అడ్డం ఎవరూ ఉండేవారు కాదు.

అంతలో జజాంగ్ కుడికాలి బొటనవేలికి పుండు లేచింది. నెల గడిచినా మానలేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సు రక్తంలో చక్కెర చూసి పెదవి విరిచింది. మాత్రలు మానకూడదు, బజ్జీలు ముట్టకూడదు, పళ్ళెంలో సగం ఆకులూ కాయలూ ఉండాలంది. లేకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, వేలు పోతే బస్సు సంగతి మర్చిపొమ్మంది. బ్రేకు తొక్కే కాలది.

జజాంగ్‌కు గుండె జారింది. కాని ఇంటికి రాగానే ఇమాస్ అనకూడని మాట అంది.

"మాంగ్ తర్మాను చూసి నేర్చుకో, కాంగ్." మాంగ్ అంటే బాబాయి అని.

"మేకల మేత నేను తినను. వేలు పోతే పోనీ."

పుండు మీద కారం చల్లినట్టయింది ఆయనకు. మర్నాడే చిగుళ్ళ కంచె పీకించి, వరసగా ఎండు వెదురు పాతించాడు. తర్మా వచ్చి ఆ వెదురును వేలితో తట్టి చూశాడు.

"వెదురు మొలకొక్కటే ఉడికించి తినాలి, జజాంగ్. పచ్చిది విషం. ఇది ఎండిపోయి ఆ ఆశ కూడా లేదు. నేనేం పాపం చేశాను?"

సాయంత్రానికి ఊరంతా జజాంగ్‌ది పిసినారి కొంప అయింది. ఇమాస్ నాలుగు రోజులు మాట్లాడలేదు. భార్య మౌనం కంటే, ఆ నాలుగు రోజులూ ఆమె పక్కవీధికి వెళ్ళి తర్మాకు సంబల్ ఇచ్చి రావడం జజాంగ్‌ను ఎక్కువ మండించింది.

ఉపవాసాల నెల ముందు ఊరంతా పొడుగాటి అరిటాకుల వరసకు అటూ ఇటూ కూర్చుని ఒక్కచోట తింటారు. ఆ రోజు జజాంగ్ కావాలని తర్మాకు ఎదురుగా కూర్చున్నాడు. అందరూ వినేలా అన్నాడు.

"పచ్చివి తినడంలో నీ అంతవాడు లేడంటారుగా. తేల్చుకుందాం రా. నేను గెలిస్తే మా ఇంటి ముందు ఆగకూడదు. నా పెళ్ళాన్ని అమ్మాయీ అని పిలవకూడదు."

తర్మా ఆయన కట్టుకట్టిన వేలి వంక చూశాడు.

"సరే. కాని గెలిచినవాడు పేరు నిలబెట్టుకోవాలి. రోజూ మూడు పూటలా పళ్ళెంలో సగం పచ్చివే తినాలి. ఊరు చూస్తుంటుంది మరి."

"ఓస్, అంతేనా."

ఆకుల బుట్టలు వచ్చాయి. నిమ్మవాసన తులసి, సరస్వతి ఆకు, అలసందకాయలు, గుండ్రటి పచ్చ వంకాయలు, చేదు కామంచి కాయలు. మొదటి కట్టకు జజాంగ్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండోదానికి అసూయ ఆదుకుంది. తర్మా ముఖం చూసినప్పుడల్లా దవడలు వాటంతటవే ఆడాయి. అయిదో కట్టకు చెమటలు పట్టాయి. ఆరో కట్ట సగంలో, ఇక ప్రాణం పోతుందనుకుంటున్న సమయానికి, తర్మా వంకాయ ముక్క కింద పెట్టేశాడు.

"ఇక నా వల్ల కాదు."

ఊరంతా ఒక్కసారిగా నమలడం ఆపింది. ఊరిపెద్దకు పొలమారింది. జజాంగ్ మాత్రం రెండు చేతులూ పైకెత్తి, లేవబోయి, కడుపు బరువుకు మళ్ళీ కూలబడ్డాడు.

గెలుపు కంటే బరువైంది గెలిచిన పేరు. బస్సెక్కిన ప్రతివాడూ "ఏం పహిల్వాన్, ఇవాళ ఏ ఆకు?" అని అడిగేవాడు. బజ్జీల బండివాడు బస్సు ఆగగానే మూత వేసేసేవాడు. తప్పక తిన్నాడు, తిట్టుకుంటూ తిన్నాడు. తర్వాత తర్వాత సరస్వతి ఆకు లేకపోతే అన్నం దిగడం మానేసింది. మాత్రలూ మానలేదు. మూడు నెలలకు పుండు మూసుకుంది. నర్సు వేలు నొక్కి చూసి, బస్సు నడుపుకోమంది.

"తర్మాను ఓడించినవాణ్ణి కదమ్మా," అన్నాడు జజాంగ్.

నర్సు ఎందుకో గబగబా అటు తిరిగి దూది సర్దుకుంది.

ఆ వారమే ఒక పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కన పడ్డారు. తర్మా ఎవరితోనో కబుర్లు చెబుతూ, అన్నం రాకముందే ఎనిమిది కట్టలు తినేసి తొమ్మిదోదాని కోసం చెయ్యి చాచాడు. జజాంగ్ నోట్లో ఆకు అలాగే ఉండిపోయింది.

"మరి ఆ రోజు ఆరో కట్టకే చాలించావే?"

"పన్నునొప్పి."

"ఏ పన్ను?"

తర్మా కాసేపు నాలుకతో వెతుక్కున్నాడు. నొప్పెట్టే పన్ను ఒక్కటీ దొరకలేదు.

"మళ్ళీ పోటీ పెట్టుకుందాం రా. ఈసారి నిజంగా," అన్నాడు జజాంగ్.

"పెట్టను. ఓడితే పంతానికి మళ్ళీ బజ్జీల బండి దగ్గరికి పోతావు. నీ కాలు పోతే ఇమాస్ ఏడుస్తుంది. నేను సంతకి నడిచి పోవాలి. తిను, మాట్లాడకు."

ఇంటికొచ్చి జజాంగ్ చాలాసేపు గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్మా మీద అసూయ చచ్చిపోలేదు. ఇన్నాళ్ళూ ముసలాడి పళ్ళను చూసి, ఇప్పుడు మనసును చూసి కుళ్ళుకోవాల్సి వచ్చింది. చివరికి లేచి ఇమాస్ దగ్గరికెళ్ళాడు.

"ఆ రోజు పోటీలో గెలిచింది నేను కాదు."

"తెలుసు," అంది ఇమాస్, అలసందకాయలు కడుగుతూ.

"నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు. నర్సమ్మకీ తెలుసు."

"మరి మూడు నెలలుగా ఒక్కరూ చెప్పలేదేం?"

"చెబితే తినేవాడివా?"

జజాంగ్ కడిగిన కాయ ఒకటి తీసుకుని కొరికాడు. రేపు పొద్దున్నే ఆ వెదురు పీకించెయ్యమన్నాడు.