ఏత్వానికి ఇంగ్లీషు

నాకు సంతకం ఒక్కటే వచ్చు. అయినా ఇంగ్లీషులో ఒక్క మాట మాత్రం కాగితం మీద ఎక్కడున్నా పోల్చుకుంటాను.

మాది రేపల్లె అవతల రేవు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వేటకెళ్ళిన మా ఆయన తిరిగి రాలేదు. తొమ్మిదోనాడు బాపట్ల ఒడ్డుకి శవం కొట్టుకొచ్చింది. మొహం చేపలు తినేశాయి. మొలతాడు మిగిలింది. ఆ ముడి నేను వేసిందే. అక్కడే పూడ్చేశాం. ఆఫీసు లెక్కలో మాత్రం ఆయన ఇంకా కనపడకుండా పోయిన మనిషే. చచ్చిపోయాడని కాగితం ఇవ్వాలంటే తెనాలి ఆఫీసులో ఇంగ్లీషు అర్జీ పెట్టుకోమన్నారు.

రేపల్లె బస్టాండు పక్కన టైపు కొట్టే ఆయనకి చెప్పాను: "నేనే చూశానండి. అది మా ఆయనేనండి." టకటకా కొట్టిచ్చాడు.

తెనాలిలో గుమాస్తా అది చదివి కళ్ళజోడు మీంచి చూశాడు.

"ఏమ్మా, చూశావంతేనా? పోల్చుకోలేదా?"

"అయ్యో, పోల్చుకున్నానండి!"

"మరి ఇందులో ఊరికే చూశానని ఉందేంటి? మళ్ళీ రాయించుకురా."

మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే, ఎదురు కొట్లో టైపు నేర్పే సాయిబుల అమ్మాయి వచ్చి కాగితం అందుకుంది. చదివి పెదవి కొరుక్కుంది.

"'నేనే' అన్నప్పుడు చివర ఏత్వం ఉంది కదత్తా, దానికి 'ఓన్లీ' పెట్టేశాడు. మాట్లాడేటప్పుడు మనమందరం అంతే. రాతలో 'ఐ ఓన్లీ సా' అంటే చూసి ఊరుకున్నానని."

మాట చివర తోకంత ఏత్వం. అది ఇంగ్లీషులోకి వెళ్ళి, నేను పూడ్చిన మనిషిని మళ్ళీ సముద్రంలో వదిలేసిందా!

"మరేం పెడతావమ్మా?"

"'ఇన్‌డీడ్'. ముమ్మాటికీ అని. 'అది మా ఆయనే' అన్నచోట, 'వాజ్' పక్కన, ఒక్కసారే."

"వెరీ వెరీ డెడ్డు అని కూడా కొట్టు తల్లీ, గట్టిగా ఉంటుంది."

నవ్వబోయి ఆగింది. "చావుకి వెరీ ఉండదత్తా. ఎక్కువ చావు, తక్కువ చావు ఉంటాయా?"

నోరు తెరుచుకుని ఆ పిల్ల వేళ్ళే చూస్తుండిపోయాను. ఏ మాటకి ఎంత బరువు వేయాలో ఆ వేళ్ళకి తెలుసు. కొట్టడం అయ్యాక ఆ మాట చూపించమన్నాను. గోరుతో కింద గీత గీసింది.

గుమాస్తా ఈసారి పైకే చదివాడు. "ఇట్ వాజ్ ఇన్‌డీడ్ మై హజ్బెండ్." తలెత్తి నా వంక చూశాడు.

"ఎలా పోల్చావమ్మా?"

"మొలతాడు ముడండి. నేను వేసిందే."

ముద్ర తీసి కాగితం మీద గుద్ది, కుర్చీ ఇటు తోశాడు.

"కూర్చో తల్లీ."