అత్త రివాల్వరు సరిహద్దు దాటిన వైనం

మా మేనత్తకు రివాల్వరు ఉండేదని చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వనీ. ఆ రివాల్వరును ఒరిస్సా నుంచి సికింద్రాబాద్‌కి చట్ట ప్రకారం, నలుగురూ చూస్తుండగా తెచ్చింది మేమిద్దరం, అత్తా నేనూ. మా ఇద్దరికీ తప్ప ఆ పని జరగాలని మా ఇంట్లో ఎవరికీ లేదు.

అత్త మా నాన్నకు అక్క. విజయనగరం దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక ఒరిస్సాలో, సరిహద్దుకు కాస్త అవతల, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి కాపురానికి వెళ్ళింది. మావయ్యకూ ఆయన తమ్ముడికీ కలిపి అక్కడ కలప కోత మిల్లు ఉండేది. ఊరి చివర మిల్లు, మిల్లు వెనక ఇల్లు, ఇంటి వెనక అడవి. పిల్లలు లేరు. నేను స్కూల్లో ఉండగానే మావయ్య పోయాడు. అత్తను పుట్టింటికి తీసుకొచ్చేద్దామని నాన్న వెళ్ళాడు. ఆవిడ రాలేదు. పైగా మావయ్య రివాల్వరుకు తన పేరున లైసెన్సు కావాలని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి సాధించుకుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సున్న అందరిలాగే దాన్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పేది, అవి అయిపోగానే వెళ్ళి తెచ్చుకునేది. మనిషి మీద మాత్రం ఎన్నడూ గురిపెట్టలేదు.

నేను చెప్పేది మాదాపూర్ వైపు అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజుల సంగతి. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టెస్టింగ్ చేసేదాన్ని. మారేడ్‌పల్లిలో అద్దె ఫ్లాటులో మావారూ నేనూ ఉండేవాళ్ళం. అన్నయ్య సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుని, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే సెంటర్ నడిపేవాడు.

ఆ రోజుల్లోనే అత్త మరిది మిల్లునూ ఇంటినీ కలిపి అమ్మకానికి పెట్టాడు. అత్తకు అప్పటికి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మా ఇంటికి వచ్చెయ్యమని ఫోన్ చేశాను.

"వస్తాను గానీ, నా రివాల్వరు నాతోటే వస్తాది," అంది.

"ఇక్కడ అదెందుకత్తా? మారేడ్‌పల్లిలో ఎలుగుబంట్లు లేవు."

"ఎలుగ్గొడ్ల కోసమేటి? ఇల్లు మీ మావయ్య పేర ఉండీది, ఇప్పుడు మరిది పేరకెళ్ళిపోనాది. మిల్లూ అంతే. గవర్మెంటోడు నా పేరు రాసి, నా ఫొటో అతికించి ఇచ్చింది ఇదొక్కటే. దీన్ని ఒగ్గీసి రాను."



ఆదివారం అన్నయ్య మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. అతను టీ కప్పు కింద పెట్టి నవ్వాడు.

"సరెండర్ చేసెయ్యమను. వినకపోతే నా కారు పంపిస్తాను. బియ్యం బస్తాలో పెడితే ఎవడు చూస్తాడు?"

ఆఫీసులో నేను రోజూ వినే మాట అదే. ఇది పని చెయ్యట్లేదని నేను రాసి పంపితే, ప్రోగ్రాం రాసినవాళ్ళు నా కుర్చీ దగ్గరికి వచ్చి, "ఎవరు చూస్తారండీ, వదిలెయ్యండి" అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

"దొంగతనంగా తేవడానికి అదేం దొంగసొత్తు కాదన్నయ్యా. నేనే వెళ్ళి తెస్తాను. అనుమతులన్నీ తీసుకుని తెస్తాను."

"అత్తకైతే వయసు మీద పడింది. నీకేమైంది?" అన్నాడు. మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, లైసెన్సుల సంగతి చూసే పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా పెద్దమనిషి. నేను చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి నా వంక చూశాడు.

"ఏందమ్మా, గీ వయసుల ఆమెకు రివాల్వర్ ఎందుకు? ఆ లైసెన్స్ ఒరిస్సా దాంకనే చెల్తది. ఆడ కలెక్టర్ పర్మిషన్ ఇయ్యాలె. ఈడికొచ్చినంక గన్ షాపుల డిపాజిట్ పెట్టాలె. మేం ఎంక్వైరీ చేసి రిజిస్టర్ చేస్తేనే ఇంటికి తీస్కపోవాలె. మస్తు తక్లీఫ్. సరెండర్ చేస్తే ఒక్క పూటల పనైతది."

"తక్లీఫ్ పడతాం. మీరు ఒక్కొక్కటీ చెప్పండి," అన్నాను.

ఆయన "గట్లనా, అయితే జెర కూసో," అని కుర్చీ చూపించాడు. ఏది ముందు, ఏది వెనక, ఎవరిని అడగాలో విడమరిచి చెప్పాడు.

అన్నలు, అంటే నక్సలైట్లు, లైసెన్సున్న ఇళ్ళలో పడి తుపాకులు ఎత్తుకుపోతున్న రోజులవి. అందుకే నేను వెళ్ళి అత్తతో కలిసి దరఖాస్తు ఇచ్చినప్పుడు, ఒరిస్సాలో అధికారులు మమ్మల్ని ఒకటికి రెండుసార్లు ప్రశ్నలడిగారు. తెలుగు వచ్చిన ఒక ఆఫీసరు అత్తను సూటిగానే అడిగాడు.

"హైదరాబాద్‌లో మీకేమైనా ప్రాణభయం ఉందా?"

"అడివి పక్కనుండగా లేని భయం అక్కడేటుంటాది బాబూ? నా వస్తువు నాతో తీసుకెళ్తానంతన్నాను, అంతే."

పోలీసు స్టేషన్లో రివాల్వరు మీది నంబరు సరిచూసుకున్నారు, తూటాలు లెక్కపెట్టుకున్నారు. అనుమతి చేతికి రావడానికి చాలా వారాలు పట్టింది. వచ్చాక నేను మళ్ళీ సెలవు పెట్టి వెళ్ళాను. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎప్పటిలోగా తీసుకెళ్ళాలో ఆ అనుమతి పత్రంలో స్పష్టంగా రాశారు. అత్త రివాల్వరును తోలు సంచిలో పెట్టి, దాన్ని తాళం వేసిన ఇనప పెట్టెలో పెట్టింది. తూటాలు వేరే డబ్బాలో. రెండూ తన చేతిసంచిలోనే. బరువుగా ఉంటుంది, నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

"లైసెన్సు నాది. నువ్వు ముట్టుకోకు."

మధ్యాహ్నం రైలెక్కాం. మా ఎదుటి సీట్లలో భార్యాభర్తలిద్దరు కూర్చున్నారు. ఆయనదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, ఒళ్ళో లాప్‌టాప్. ఎక్కడ పనిచేస్తారని నన్ను అడిగి, తను చేస్తున్న ప్రాజెక్టు గురించి చాలాసేపు చెప్పాడు. విజయనగరంలో పోలీసులు ఎక్కారు. కొండల వైపు నుంచి వచ్చే రైళ్ళలో తనిఖీలు అప్పుడు మామూలే. కానిస్టేబులు ఇంకా పక్క సీట్ల దగ్గర ఉండగానే అత్త పిలిచింది.

"బాబూ, ఇలగ రా. దీన్లో రివాల్వరుంది. లైసెన్సుంది, కలెక్టరు గారి పర్మిషనుంది. చూసుకో."

కానిస్టేబులు వెళ్ళి ఎస్సైని పిలుచుకొచ్చాడు. ఆయన అనుమతులు నిదానంగా చదివాడు. పెట్టె తెరిపించి నంబరు చూశాడు, రివాల్వరులో తూటాల్లేవని రూఢి చేసుకున్నాడు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. సంచీ మాత్రం చేతిలోంచి వదలకండి," అని చెప్పి దిగిపోయాడు.

రైలు కదిలాక అసలు గొడవ మొదలైంది. లాప్‌టాప్ ఆయన లేచి వెళ్ళి టీసీని వెంటబెట్టుకొచ్చాడు.

"తుపాకీ పెట్టుకున్నవాళ్ళతో మేం ప్రయాణం చెయ్యలేమండీ. వీళ్ళని దింపెయ్యండి. లేదా ఆ సంచీ గార్డు దగ్గర పెట్టించండి."

పక్క సీట్లవాళ్ళు తలలూపారు. వెనకనుంచి ఎవరో, "ముసలావిడ, మతి స్థిమితంగా ఉందో లేదో," అన్నారు.

అత్త సంచీని ఒళ్ళోకి లాక్కుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. ఇలాంటివి చాలా విన్న మనిషిలా కిటికీ వైపు తిరిగింది. అది చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. ఆఫీసు మీటింగుల్లో కూడా చెప్పాలనుకున్నది సగం మింగేసేదాన్ని. ఆ రోజు లేచి నిలబడ్డాను.

"ఆవిడ మతి గురించి మాట్లాడకండి. మీ పెట్టెల్లో ఏమున్నాయో మాకు తెలీదు. మా దాంట్లో ఏముందో అడక్కముందే చెప్పాం. పోలీసులు చూసి, సరిగ్గా ఉందని చెప్పి వెళ్ళారు. లైసెన్సు లేనివాళ్ళ చేతికి దాన్ని ఇస్తే అది నేరం. టీసీ గారూ, మీరు తీసుకుంటారా? పూర్తి బాధ్యత నాదేనని రాసి, సంతకం పెట్టి తీసుకోండి."

టీసీ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకెందుకమ్మా," అని లాప్‌టాప్ ఆయన వైపు తిరిగాడు. "సార్, వాళ్ళని దింపడానికి కారణం లేదు. మీకు ఇబ్బందయితే పక్క బోగీలో రెండు బెర్తులున్నాయి, మారండి."

ఆయన విసురుగా లాప్‌టాప్ మూసి, బ్యాగు భుజాన వేసుకున్నాడు. భార్య మాత్రం లేవలేదు.

"మీరు వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను. పెద్దావిడ ఏం చేశారని?" అంది. అప్పటిదాకా ఆమె గొంతు మేము వినలేదు. ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆమె అత్త పక్కకు జరిగి, ఇది ఎప్పుడైనా పేల్చారా అని అడిగింది. అత్త ముఖం విప్పారింది.

"ఒకపాలి. పెరట్లో పనసపళ్ళ వాసనకి ఎలుగ్గొడ్డు వచ్చీసింది. ఆకాశానికి ఎత్తి పేల్చాను. అది పారిపోనాది. నాను మాత్రం తలుపేసీసుకుని తెల్లారీదాకా మంచం దిగలేదు."

ఆమె పకపకా నవ్వింది. భోజనాల వేళకు భర్త తిరిగొచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా తన సీట్లో కూర్చున్నాడు. పక్క బోగీలో ఏసీ పనిచెయ్యట్లేదట. అత్త తను తెచ్చిన పులిహోర ఆయనకూ పెట్టింది. నేనైతే పెట్టేదాన్ని కాదు.

సికింద్రాబాద్ స్టేషన్లో అన్నయ్య కారుతో వచ్చి ఉన్నాడు. ముందు ఇంటికెళ్ళి టిఫిన్ చేద్దామన్నాడు. ముందు తుపాకుల దుకాణానికే పదమని అత్త అంది. అక్కడికి వెళ్తే దుకాణం ఇంకా తెరవలేదు. ముగ్గురం దాని మెట్ల మీద కూర్చున్నాం. అన్నయ్య తన స్టూడెంట్లు ఎవరైనా అటుగా వెళ్తూ చూస్తారేమోనని రుమాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. అత్త కాళ్ళు చాపుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఊరంతా తన సొంతమైనట్టు రోడ్డును చూస్తూ కూర్చుంది. దుకాణం తెరిచాక రివాల్వరునూ తూటాలనూ అప్పజెప్పి, రసీదు తీసుకుని, అప్పుడు ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత మాకు ఎదురైనవన్నీ ప్రశ్నలే. మా పేటలోని పోలీసు ఇన్‌స్పెక్టర్ విచారణకు ఫ్లాటుకు వస్తే, మూడు అంతస్తుల వాళ్ళూ తలుపులు తీసి చూశారు. చివరికి పెద్ద ఆఫీసరు దగ్గరికి పిలుపు వచ్చింది. మర్యాదస్తుడు. అత్తకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"అమ్మా, మీ ఇంట్లో మగవాళ్ళెవరి పేరనైనా పెట్టుకోవచ్చు కదా? మీ మేనకోడలి భర్త ఉన్నాడు, మేనల్లుడున్నాడు," అన్నాడు.

"ఆళ్ళెవరూ అడగలేదు బాబూ. నానడిగాను. ఇన్నేళ్ళూ నా పేరనే ఉంది. ఏ తప్పూ జరగలేదు. జరిగుంటే చెప్పండి, ఇప్పుడే ఇచ్చీసి ఎళ్ళిపోతాను."

ఆయన ఫైలు మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. తప్పు ఏదీ లేదు. సంతకం పెట్టాడు.

రివాల్వరు మా ఇంటి బీరువాలోకి వచ్చింది. మావారు కొన్నాళ్ళు ఆ గదిలోకి వెళ్ళడానికి తటపటాయించారు, తర్వాత అలవాటు పడ్డారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా, "ఇంకా ఉందా అది?" అని గొంతు తగ్గించి అడిగేవారు. "ఉంది, చూస్తారా?" అని నేను గట్టిగానే అనేదాన్ని. ఆఫీసులో కూడా నా గొంతు మారింది. ఎవరు చూస్తారని అడిగినవాళ్ళకు, నేను చూశాను కదా అని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు నన్ను పొగరుబోతు అన్నారు. అననిచ్చాను.

కొన్నేళ్ళకు అత్తకు కంటి ఆపరేషన్ అయింది. చూపు మునుపటిలా రాలేదు. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "దాన్ని ఇచ్చీద్దామే. కళ్ళు ఆనకుండా ఇంట్లో ఉంచడం సరి కాదు," అంది. అన్నయ్యకు తెలిసి వెంటనే ఫోన్ చేశాడు.

"నేను ఏనాడో చెప్పాను కదత్తా. ఆ రోజే సరెండర్ చేసుంటే ఇంత ప్రయాస ఉండేదా?"

"ఆరోజు నువ్వు ఇచ్చీమన్నావు. ఈరోజు నాను ఇచ్చీస్తన్నాను," అని అత్త ఫోన్ నా చేతికి ఇచ్చేసింది.

మంచి చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని పోలీసు స్టేషన్‌కి నడిచి వెళ్ళింది. అక్కడ రాతకోతలు చూసే రైటరు పిల్లవాడిలా ఉన్నాడు. "నీ పేరుమీద లైసెన్సా అవ్వా?" అని ఆశ్చర్యంగా అడిగాడు. "అవును, నా పేరే," అని అత్త తన పూర్తి పేరు ఒక్కో అక్షరం పలికి రాయించింది. బయటికి వచ్చాక ఆవిడ ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. ఆటోను మోండా మార్కెట్ దగ్గర ఆపించి, కంద ముక్క చేతిలో పట్టుకుని తిప్పి చూస్తూ, ఇది ముదిరిపోయింది, లేతది తియ్యమని కూరలవాడితో గొడవ పెట్టుకుంది. పక్కన నిలబడి సంచీ పట్టుకున్నాను. ఆవిడ అడిగిన లేత కంద దొరికేదాకా మేము అక్కణ్ణుంచి కదల్లేదు.